అరవై ఏడో డబ్బా

కంపెనీ లైటు కింద చదివితే
కరెంటు బిల్లు మనది కాదు.
అందుకే బువ్వ తిన్నంక
గ్రూప్-ఫోర్ బిట్ల పుస్తకం, ఒక బొంత పట్టుకొని
రేకుల షెడ్డుకు పోత.

దేవరకొండ దాటి, డిండి తొవ్వ విడిచి,
ఎర్రమట్టి బాట ఇగ చాలనుకున్న కాడ ఉంటది షెడ్డు.
లోపల మూడు వందల పన్నెండు డబ్బాలు.
డబ్బాకు ఐదు వరుసలు, వరుసల నిండ
చాక్‌పీసుల లెక్క గుండ్రటి రాళ్ళు,
మా గుట్టల కడుపుల గొట్టం దించి తీసినయి.
కొసకు ఎర్ర రంగుతో లోతు రాసి ఉంటది.
కంపెనీ పోయి పదకొండేండ్లు.
ఏం దొరికిందో, దొరకలేదో తండాకు చెప్పలె.
మా దాదా నేనావత్ గోప్య
నెలకు నాలుగు వేలకు
ఇంకా ఆ రాళ్ళ కాడనే పంటున్నడు.
"వీటినెవడు ఎత్తుకపోతడు దాదా?"
"రాళ్ళనెవడెత్తుకపోతడు, పిచ్చిదానా.
లెక్క ఎత్తుకపోతరు."

నేను గట్టిగ చదువుత.
చిలీ – రాగి.
కాంగో – కోబాల్టు.
గినీ – బాక్సైటు.
చుట్ట నేలకు రాసి ఆర్పి అడుగుతడు,
"తవ్వెటోళ్ళు ఏం నీళ్ళు తాగుతరు ఆడ?"
పుస్తకంల లేదు దాదా.
"మరేముంది?"
దేశముంది. ఖనిజముంది. నడుమ ఒక గీత ఉంది.

ఫ్లోర్‌స్పార్ – చైనా, మెక్సికో.
అదేందని అడిగిండు.
మన పాత బోరు నీళ్ళల్ల ఉన్నదానికి చుట్టమన్న.
గోడ పట్టుకొని లేస్తూ,
వంగని మోకాలు మీద చెయ్యేసి,
"గట్లయితే నన్ను గూడ రాసుకో ఆ వరుసల" అన్నడు.
నేను నవ్వలె. ఆయన నవ్విండు,
మచ్చల పండ్లు కనబడేటట్టు.

రాగి అంటే నాకు చిలీ యాదికి రాదు.
దాదీ పెండ్లి బిందె యాదికొస్తది.
తూకానికి అమ్మి బోరేయించిన్రు.
మూడు వందల ఎనభై అడుగులు.
తెల్లటి దుమ్ము లేచి
రిగ్గు పిల్లగాండ్ల రెప్పలు నెరిసినయట,
నీళ్ళు మాత్రం పడలె.
ఆ ఎండకాలమే కంపెనీ మిషిను
గుట్ట అవతలి పక్క దిగింది.

ఆ ముచ్చట దాదా ఎన్నిసార్లు చెప్పినా
మొదటిసారి లెక్కనే చెప్తడు:
"ఒకనాడు తెల్లారుజామున
గొట్టం పక్కకెల్లి బుసబుస నీళ్ళు లేసినయి.
నేను చెప్పులిడిచి మొక్కిన.
ఇంజనీరు నెత్తి కొట్టుకుండు.
నీళ్ళు పడ్డయని తిట్టుకున్నోన్ని
నా బతుకుల గప్పుడే సూసిన.
రెండు దినాలాగి సిమెంటు పోసి మూసిండ్రు.
బస్తాలు మోసింది నేనే.
కూలి రెండు వందల యాభై."

లేచి, కట్టె తాటించుకుంట పోయి
అరవై ఏడో డబ్బా మూత తీస్తడు.
మూడో వరుసల రాళ్ళు విరిగి, తుప్పు రంగు తిరిగి,
ఆఖరుకు రాళ్ళే ఉండవు.
జానెడు జాగ.
జాగల ఒక చెక్క ముక్క,
దాని మీద పెన్సిలుతో:
నమూనా రాలేదు.
"రాకేమాయె?" అంటడు దాదా.
"వచ్చింది వాళ్ళకు పనికిరాలె."

ఇంక పది దేశాలున్నయి.
బొలీవియా – లిథియం.
మొరాకో – ఫాస్ఫేటు.
కజకిస్తాన్ – యురేనియం.
ఆయన మూత మూస్తలేడు.
ఆ జాగల వేళ్ళు పెట్టి
తడి ఉందేమో సూస్తున్నడు,
పదకొండేండ్ల కింద ఎండిన రాయిల.

నోటుబుక్కుల ఆఖరి వరుస కొట్టిన:
ఏడుగుట్టల తండా – గీత – నీళ్ళు.
లోతు గూడ రాయుమన్నడు.
చెక్క ముక్క మీద పెన్సిలు చెరిగింది.
నూట పద్నాలుగో, నూట నలభై ఒకటో.
కండ్లద్దాలు లేక
ఇద్దరం లైటు కిందికి ఒంగినం.